స్టోన్‌లీ ఊరి పుస్తకం

బోస్టన్,
1788 జనవరి 11

అక్కా,

నాలుగు రోజులు మంచులో పడి లేచి మొన్న సాయంత్రం చేరాను. గుర్రం నాకంటే ముందే మొండికేసింది. ఒక విధవరాలి ఇంట్లో, కొవ్వొత్తుల కొట్టు పైన గది దొరికింది. నాతో పాటు ఇంకో ముగ్గురు సభ్యులున్నారు. ముగ్గురికీ గురకే.

సభకు మూడువందల పైచిలుకు మందిమి వచ్చాం. పదమూడు రాష్ట్రాలూ ఎవరి పాలన వాళ్ళదిగా ఉండాలా, అన్నిటి మీదా ఒక ప్రభుత్వం ఉండాలా అన్నది తేల్చాలి. తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే కొత్త రాజ్యాంగం నిలబడుతుంది. మన మసాచుసెట్స్ వద్దంటే కూలిపోతుందని అందరూ అంటున్నారు. మన ఊరు ఇచ్చిన ఆదేశం కోటు లోపలి జేబులో ఉంది. నలభై ఒక్కమంది తూర్పు గోడకు వెళ్ళి నిలబడి 'వద్దు' అన్నారు, తొమ్మిదిమంది పడమటి గోడకు వెళ్ళి 'కావాలి' అన్నారు. ఆ లెక్క నా చేత్తోనే రాశాను కదా, దాని ప్రకారమే చేస్తాను.

ఊరి గుమాస్తాగా నేను రాసే పుస్తకం ఇంట్లో నా పెట్టెలో ఉంది. నేను లేని రోజుల్లో ఎవరు వచ్చి అడిగినా చూపించు, అది అందరిదీ. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకు.

నీ తమ్ముడు,
ఇతమార్

*

స్టోన్‌లీ,
జనవరి 19

తమ్ముడూ,

గురకల సంగతి నువ్వు చెప్పడం బాగుంది. నీ గదిలో ఆ ముగ్గురి ఉత్తరాలు కూడా చదివితే గానీ నిజం తెలియదు.

ఇక్కడ అందరూ క్షేమం. ప్రైమస్ పెళ్ళాం ఫీబీకి ఏడో నెల. వంగలేకపోతోంది గానీ కూర్చోమంటే వినదు. ప్రైమస్ మా ఆయన పోయాక పీపాల కొట్టాన్ని ఎలా నడిపాడో ఇప్పుడూ అలాగే నడుపుతున్నాడు. మేపుల్ చెట్ల రసాన్ని సిరప్‌గా కాచే రోజులు వస్తున్నాయని అరవై పీపాలకు పలకలు చెక్కి పెట్టాడు.

అతని కోసమే ఈ ఉత్తరం. ఆ ముద్రించిన రాజ్యాంగాన్ని మంగళవారం సత్రంలో గట్టిగా చదివారట. ఒక వాక్యం దగ్గర ప్రైమస్ లేచి మళ్ళీ చదవమన్నాడట, మూడుసార్లు. తరువాత నా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"తిర్జమ్మా, మీ తమ్ముడు చదువుకున్నాయన. ఒక్క మాట అడిగి రాయండి. ఒక రాష్ట్రంలో కట్టుబడి పని చెయ్యాల్సినోడు ఇంకో రాష్ట్రానికి పారిపోతే, సొంతదారు అడిగితే అప్పజెప్పాలని ఉందంట అందులో. అది నా గురించేనా?"

"నీ పేరు లేదుగా" అన్నాను.

"నా పేరు ఎందులో ఉంది గనక. 'మేము ప్రజలము' అని పైన రాశారంట. అక్కడ నన్ను కలుపుకున్నారో లేదో తెలీదు. కింద మాత్రం బాగానే గుర్తుపెట్టుకున్నట్టున్నారు."

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. న్యూయార్క్ సరిహద్దు దాటి అతను మన ఊరికి నడిచి వచ్చి నాలుగేళ్ళు. ఇక్కడ మన కోర్టులు మనిషికి మనిషి సొత్తు కాడని చెప్పాయి, అక్కడ ఇంకా చెప్పలేదు. ఆ వాక్యానికి అర్థం ఏమిటో సూటిగా రాయి. అతను రోజూ అడుగుతున్నాడు.

తిర్జా

*

బోస్టన్,
జనవరి 27

అక్కా,

ఇక్కడ రోజుకో వాదం. పన్నులు వేసే అధికారం ఎవరికి ఉండాలి, సైన్యం ఎవరిది, రెండేళ్ళకోసారి ఎన్నికైతే సరిపోతుందా, ఏటేటా ఎన్నిక కావాలా. ఒక ముసలి రైతు లేచి, "ఈ వకీళ్ళు మాకు మాత్ర మీద తీపి పూసి మింగిస్తున్నారు" అన్నాడు. మా వరసంతా బల్లలు చరిచింది. నేనూ చరిచాను.

కానీ అక్కా, నిన్న మా బల్ల చివర కూర్చున్న ఆయన పోయిన చలికాలం గురించి మాట్లాడాడు. అప్పులు కట్టలేని రైతులు తుపాకులు పట్టుకుని కోర్టులు మూసేయడం, రాష్ట్రం తన మనుషుల మీదికి తన సైన్యాన్నే పంపడం. నాకు షెఫీల్డ్ దారి గుర్తొచ్చింది. ఈనస్‌ని బండి మీద వేసుకుని తొమ్మిది మైళ్ళు లాక్కొచ్చాను. ఆ సైన్యంలో చేరి మన తమ్ముణ్ణి కాల్చినవాడు పక్క ఊరి చెప్పులు కుట్టేవాడు. చిన్నప్పుడు వాళ్ళిద్దరూ కలిసి చేపలు పట్టేవాళ్ళు. ఒక గట్టి ప్రభుత్వం, అందరూ నమ్మే ఒక చట్టం ఉండి ఉంటే అలా జరిగేదా అని ఆలోచిస్తున్నాను. నిద్ర సరిగా పట్టడం లేదు.

చలి ఎక్కువగా ఉంది. నువ్వు అల్లిన మేజోళ్ళు వేసుకుంటున్నాను. ప్రైమస్‌కి నా నమస్కారాలు చెప్పు.

ఇతమార్

*

స్టోన్‌లీ,
ఫిబ్రవరి 3

తమ్ముడూ,

నేను అడిగింది ఒక్కటి. దానికి తప్ప అన్నిటికీ జవాబు రాశావు. నీ నమస్కారాలు ప్రైమస్‌కి చెప్పాను. "అంతేనా?" అన్నాడు.

నువ్వు చెప్పనిది నేనే వెతుక్కుందామని పెట్టె తెరిచాను. ఊరి పుస్తకంలో 1784 మే నెల తీశాను. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా కానిస్టేబుల్ వెళ్ళి 'పదిహేను రోజుల్లో ఊరు విడిచిపో' అని కాగితం చదవడం, ఎవరూ విడిచిపోకపోవడం, రేపు వాళ్ళు మంచాన పడితే ఊరు పోషించనక్కర్లేకుండా నువ్వు పుస్తకంలో ఎక్కించడం, ఇదంతా నాకు తెలుసు. నన్ను పెళ్ళాడి మా ఆయన ఈ ఊరు వచ్చినప్పుడు ఆయనకీ చదివారు. ప్రైమస్ వచ్చిన రోజు నా వంటింట్లో కూర్చుని నువ్వు అతనితో ఏమన్నావో గుర్తుందా? "ఎక్కడినుంచి అన్నచోట 'పడమటి నుంచి' అని రాస్తాను, దిగులు పడకు" అన్నావు. అతను నీ చెయ్యి పట్టుకున్నాడు.

పుస్తకంలో నీ అందమైన దస్తూరీలో ఇలా ఉంది: 'ప్రైమస్, నల్లవాడు, సుమారు ఇరవై ఆరేళ్ళు, ఎడమ చెవి తమ్మె చీలి ఉంది, చివరగా న్యూయార్క్ రాష్ట్రం క్లావెరాక్‌లోని వాన్ హోల్ట్ ఇంటి నుంచి వచ్చినవాడు.'

చెవి కూడా రాశావు, ఇతమార్.

నేను ఇంకా అతనికి చెప్పలేదు.

తిర్జా

*

బోస్టన్,
ఫిబ్రవరి 8

అక్కా,

నా మీద కోపంతో ఈ ఉత్తరాన్ని పొయ్యిలో వేసే ముందు చివరిదాకా చదువు.

మొన్న ఓటు జరిగింది. నూట ఎనభై ఏడుమంది అవునన్నారు, నూట అరవై ఎనిమిదిమంది కాదన్నారు. నా పేరు పిలిచినప్పుడు నేను అవునన్నాను. ఊరి కాగితం జేబులో ఉండగానే అన్నాను. హక్కులు కాపాడే సవరణలు కోరుతూ సభ ఒక పత్రం జత చేసింది. అది లేకపోతే అనేవాణ్ణి కాదు. కారణం మాత్రం ఈనస్. ఇంకో తమ్ముణ్ణి ఇంకెవరూ మంచులో లాక్కురాకూడదని అన్నాను. తప్పయితే దేవుడి ముందు నేనే చెప్పుకుంటాను.

ఇక పుస్తకం సంగతి. ఆ రోజు అలాగే రాద్దామని కలం ముంచాను. 'పడమటి నుంచి' అని రాస్తే ఆ హెచ్చరిక చెల్లదు, జిల్లా కోర్టు తిప్పి పంపుతుంది. నేను ప్రమాణం చేసి ఆ పనిలో చేరినవాణ్ణి. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాయడం తప్ప నాకు వేరే రాయడం చేతకాదు. కొండల మధ్య ఊళ్ళో ఆ పుస్తకాన్ని ఎవరు తెరుస్తారులే అనుకున్నాను. మీకు చెప్పడానికి సిగ్గేసింది. నాలుగేళ్ళుగా సిగ్గుపడుతూనే ఉన్నాను.

ఆ వాక్యం అతని గురించే. అది చదివిన మొదటి రోజే నాకు తెలుసు.

ఇవాళ ఇక్కడ ఊరేగింపు. కమ్మరులు, వడ్రంగులు, ఓడలు కట్టేవాళ్ళు వీధి నిండా. పీపాలు చేసేవాళ్ళు కూడా సుత్తులు పట్టుకుని నడిచారు. చూడలేక గదికి వచ్చేశాను. ఊరి కోపం చల్లారేదాకా ఇక్కడే ఉంటాను.

ఇతమార్

*

స్టోన్‌లీ,
ఫిబ్రవరి 20

తమ్ముడూ,

నీ ఉత్తరం కంటే నీ ఓటు ముందొచ్చింది. ఆదివారం చర్చిలో మన కుటుంబం కూర్చునే బల్ల మీద ఎవరో పేడ పూశారు. కడుక్కుని కూర్చున్నాను. నలభై ఒక్కమందిలో ఒక్కడు కూడా నాతో మాట్లాడలేదు. కావాలన్న తొమ్మిదిమందీ మాట్లాడారు, అది ఇంకా కష్టంగా ఉంది.

ఈనస్ పేరు చెప్పి నన్ను కరిగించాలని చూడకు. ఈనస్ పోయింది ప్రభుత్వానికి బలం లేక కాదు. వాడికీ నాకూ ఒకటే తెలుసు, దూరాన ఉన్నవాడి చేతికి తాడు ఇస్తే అది ఎవరి మెడకు పడుతుందో ఇచ్చినవాడు చూడడు.

ప్రైమస్‌కి అంతా చెప్పాను. పుస్తకంలో ఉన్నది కూడా చదివాను. తన చెవి తడుముకున్నాడు. తరువాత అన్నాడు, "వెర్మాంట్ ఈ పదమూడిట్లో లేదు కదా. రెండు రోజుల నడక. ఫీబీకి కాన్పయ్యాక పోతాం. పీపాలు అక్కడా కావాలి." ఫీబీ ఏడ్చింది. ఆమె పుట్టింది ఇక్కడ, తల్లిని పాతిపెట్టింది ఇక్కడ.

మార్చి పదిన ఊరి సమావేశం. నిన్ను ఎలాగూ తీసేస్తారు, పుస్తకాన్ని కొత్త గుమాస్తాకి ఇవ్వాలి. నీ కలాలు చెక్కే కత్తి ఇక్కడే ఉంది. ఆ ఒక్క పేజీ కోసేస్తే ఎవరికీ తెలియదు. ఊళ్ళో ఒక్కడు అడగడు. నువ్వు ఊఁ అను చాలు. నువ్వు అనకపోయినా కోస్తానేమో, కానీ నీ పుస్తకం కాబట్టి అడుగుతున్నాను.

తిర్జా

*

బోస్టన్,
ఫిబ్రవరి 28

అక్కా,

కోయకు. నిన్ను బతిమాలుతున్నాను.

ఆ పుస్తకంలో మన తాత చేతిరాత ఉంది. రాజుకు ఎదురు నిలబడదామని ఊరు చేసిన తీర్మానం ఉంది. ఎవరి పొలం ఎక్కడ ఆగుతుందో, ఎవరు ఎవరిని పెళ్ళాడారో ఉంది. నల్లపిల్ల అయినా ఫీబీ బానిసగా కాక స్వతంత్రంగా పుట్టిందనడానికి ఈ లోకంలో ఉన్న ఒకే రుజువు కూడా అందులోనే ఉంది. ఇవాళ మంచి పనికి ఒక పేజీ కోస్తే, రేపు ఇంకెవడో చెడ్డ పనికి ఇంకోటి కోస్తాడు. ఒక పేజీ పోయిన పుస్తకాన్ని ఏ కోర్టూ నమ్మదు.

ప్రైమస్ గురించి నేను ఇక్కడ తెలిసినవాళ్ళను అడిగాను. ధైర్యంగా చెబుతున్నాను, ఈ మాట అతనికి చదివి వినిపించు. రాష్ట్రాలన్నీ ఒకటైనంత మాత్రాన మన రాష్ట్రం లేకుండా పోదు. మన కోర్టులు మనవే. ఎవడో గుర్రం మీద వచ్చి మనిషిని పట్టుకుపోవడం ఇక్కడ కుదరదు. ముందు న్యాయాధికారి దగ్గర నిలబెట్టాలి, అడిగినవాడు రుజువు చేయాలి, పన్నెండుమంది పొరుగువాళ్ళు కూర్చుని వినాలి. స్టోన్‌లీలో ఏ పన్నెండుమంది ప్రైమస్‌ని అప్పజెబుతారు చెప్పు? పారిపోతేనే అతను దొంగలా కనిపిస్తాడు. నిలబడితే చట్టం అతని పక్కన నిలబడుతుంది. వెర్మాంట్ వెళ్ళనక్కర్లేదు.

ఇతమార్

*

స్టోన్‌లీ,
మార్చి 12

తమ్ముడూ,

పుస్తకం కొత్త గుమాస్తా సైలస్ బీబీకి ఇచ్చేశాను. పేజీల గురించి అడగకు.

సమావేశంలో నీకు కూడా ఒక పదవి ఇచ్చారు. ఊళ్ళో తప్పించుకు తిరిగే పందుల్ని పట్టి ముక్కుకు తాడేసే పని. మామూలుగా కొత్త పెళ్ళికొడుకులకు వేళాకోళానికి ఇచ్చేది. నీ పేరు చెప్పగానే చేతులన్నీ ఒకేసారి లేచాయట. ఊరిలో ఏ విషయం మీదా ఇంత ఏకాభిప్రాయం నేను చూడలేదు.

కొన్నాళ్ళు అక్కడే ఉండు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. వాళ్ళు వెళ్ళడం మానుకున్నారు.

తిర్జా

*

బోస్టన్,
1789 అక్టోబరు 6

అక్కా,

ఏడాదిన్నర దాటింది. పందులు నా కోసం ఎదురు చూస్తున్నాయా?

ఓడరేవులో కొత్త ప్రభుత్వపు సుంకాల కచేరీలో నన్ను గుమాస్తాగా తీసుకున్నారు. రాజ్యాంగాన్ని కాపాడతానని చెయ్యెత్తి ప్రమాణం చేశాను. నవ్వుకోకు. నాలాంటి కొండ రైతు, ఏ రాజుకూ కాకుండా, ఒక కాగితానికి ప్రమాణం చేశాడు. మేము అడిగిన సవరణలు కూడా పోయిన నెలలో రాష్ట్రాలకు పంపారు. మాట్లాడే హక్కు, జ్యూరీ విచారణ హక్కు, అన్నీ ఉన్నాయి. చూశావా, నేను అనవసరంగా నమ్మలేదు.

ప్రైమస్ కూతురికి మాటలు వచ్చాయా? ఒక ఎర్ర రిబ్బను పంపుతున్నాను.

ఇతమార్

*

స్టోన్‌లీ,
అక్టోబరు 19

ఇతమార్,

ప్రైమస్‌ని శుక్రవారం తీసుకుపోయారు.

వాన్ హోల్ట్ మేనల్లుడట, ఇద్దరు మనుషులతో వచ్చాడు. మర్యాదస్థుడు, మంచి బూట్లు. గురువారం పొద్దున సైలస్ బీబీ ఇంటికి వెళ్ళి ఊరి పుస్తకం చూపించమన్నాడు. అడిగిన ఎవరికైనా చూపించాలి కదా, చూపించాడు. తనకు కావలసింది అతనికి పావుగంటలో దొరికింది. నకలు రాయించుకుని సైలస్ సంతకం పెట్టించుకున్నాడు.

శుక్రవారం న్యాయాధికారి ఇంటి ముందుగదిలో విచారణ. నేనూ ఫీబీ గోడవార నిలబడ్డాం. మేనల్లుడు ఆ వాక్యాన్ని ముద్రించిన కాగితంలో చూపించాడు, పుస్తకం నకలు చూపించాడు, ప్రైమస్‌ని తల పక్కకు తిప్పమన్నాడు. చెవి చూశారు.

ప్రైమస్ అడిగాడు. "అయ్యా, పన్నెండుమంది వినాలి కదా. వాళ్ళెప్పుడొస్తారు?"

న్యాయాధికారి అన్నాడు. "ఇందులో వినడానికేముందయ్యా. పుస్తకం మన ఊరిదే, మనమే రాసుకున్నాం. పైన చట్టం ఉంది, మనమే ఒప్పుకున్నాం. నేనేం చేసేది?" అతనికీ చెమటలు పట్టాయి, ఆ మాట చెప్పాలి.

బయట ముప్పైమంది దాకా ఉన్నారు. ఈ కొత్త ప్రభుత్వం వద్దన్న నలభై ఒక్కమందిలో చాలామంది. దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నారు. పోయినసారి చట్టానికి అడ్డం నిలబడితే ఏమైందో వాళ్ళకూ గుర్తుంది.

రిబ్బను అందింది. పాప ఇంకా పెట్టుకోలేదు.

తిర్జా

*

బోస్టన్,
అక్టోబరు 27

అక్కా,

నీ ఉత్తరం అందింది. గవర్నరుకు అర్జీ రాస్తున్నాను. న్యూయార్క్‌లో వకీలును చూస్తున్నాను. ఆ న్యాయాధికారి చేసింది తప్పు, నూరుసార్లు తప్పు. జ్యూరీ లేకుండా ఎలా ఇస్తాడు?

ఒక్కటి అర్థం కావడం లేదు. వాళ్ళు గురువారం పొద్దున వచ్చారన్నావు, విచారణ శుక్రవారం. మధ్యలో పూర్తిగా ఒక పగలు ఉంది. సైలస్ వెంటనే కబురు పంపి ఉంటాడు. ప్రైమస్ ఎందుకు వెళ్ళిపోలేదు? కొండ దాటితే చాలు కదా. నువ్వు ఎందుకు పంపించలేదు?

పోయిన ఏడు ఫిబ్రవరి ఆఖరున నేను నీకు రాసిన ఉత్తరం నాకు తిరిగి పంపు. జ్యూరీ గురించి నేను తప్పక ఉంటుందన్నానో, ఉండవచ్చన్నానో సరిగా గుర్తు రావడం లేదు. అర్జీ రాసేముందు నేను ఏం రాశానో అచ్చంగా చూసుకోవాలి.

ఇతమార్

*

స్టోన్‌లీ,
నవంబరు 4

తమ్ముడూ,

ఉండవచ్చు అనలేదు. ఉంటుంది అన్నావు.

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. నిన్ను బాధపెట్టాలని కాదు. నాలో ఆ శక్తి కూడా లేదు.

పేజీ కోయనిది నేనే. కత్తి పేజీ మీద పెట్టాను కూడా. ఫీబీ పుట్టుక గురించి నువ్వు రాసిన మాట గుర్తొచ్చి తీసేశాను. అందుకు నిన్ను ఒక్కణ్ణే అనను.

గురువారం పదింటికల్లా సైలస్ పెళ్ళాం వెనక గుమ్మంలోంచి వచ్చి చెప్పింది. నేను కొట్టంలోకి పరిగెత్తాను. రొట్టె, ఉప్పు మాంసం మూట కట్టాను. మా ఆయన పాత కోటు తెచ్చాను. ప్రైమస్ చేతిలో పని ఆపి అంతా విన్నాడు. కోటు అందుకున్నాడు. ఒక చెయ్యి తొడిగి ఆగాడు.

"మీ తమ్ముడి ఉత్తరం ఇంకోసారి చదువుతారా, తిర్జమ్మా?"

చదివాను. 'నిలబడితే చట్టం అతని పక్కన నిలబడుతుంది' అన్నచోట మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. నాకూ నమ్మాలని ఉంది, ఇతమార్. పాప అక్కడే నేలమీద చెక్కపొట్టుతో ఆడుకుంటోంది.

"ఒకసారి పారిపోయా. ఐదేళ్ళు ప్రతి గుర్రం చప్పుడుకీ తలెత్తి చూశా. నా కూతుర్ని కూడా అలా పెంచలేను. ఆయన చదువుకున్నాయన, ఉత్తినే రాయడు. పన్నెండుమంది ముందు నిలబడి ఒక్కసారి తేల్చుకుంటే ఇక ఎవరికీ భయపడక్కర్లా" అన్నాడు. కోటు విప్పి నాకు ఇచ్చేశాడు.

నేను పొమ్మని అనలేదు. అనాల్సింది.

శుక్రవారం ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరూ పట్టుకురాకుండానే తనంతట తాను న్యాయాధికారి ఇంటికి నడిచి వెళ్ళాడు. వెళ్ళే ముందు నీ ఉత్తరం అడిగి తీసుకున్నాడు. లోపల అది తీసి చూపించబోయాడు. "ఇది ఉత్తరమయ్యా, నేను చదవాల్సిన పని లేదు" అన్నాడు న్యాయాధికారి. ప్రైమస్ దాన్ని మళ్ళీ మడతపెట్టి, నలగకుండా చొక్కాలో పెట్టుకున్నాడు. ఆ తరువాతే చేతులు కట్టారు.

నువ్వు అడిగిన ఉత్తరం నా దగ్గర లేదు. అది క్లావెరాక్‌లో ఉంది.

తిర్జా